మూడు కోర్సులే కదా అనుకోకండి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఖమ్మం. హైదరాబాద్‌లో ఈసీఈలో బీటెక్ చేశాను. ఆగస్టులో టెక్సస్‌లో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌లో చేరుతున్నాను. ఫాల్ సెమిస్టర్‌కి మూడు కోర్సులు మేమే ఎంచుకుని రిజిస్టర్ చేసుకోవాలట. వాట్సాప్ గ్రూపులో సీనియర్లు తలా ఒకటి చెప్తున్నారు. 'ఈజీగా ఏ గ్రేడ్ ఇచ్చే ప్రొఫెసర్లనే చూసుకో, క్లాసులన్నీ మంగళ, గురువారాల్లో పెట్టుకో, మిగతా రోజులు పని చేసుకోవచ్చు' అని ఒకరు. 'ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, మెషీన్ లెర్నింగ్ మూడూ మొదటి సెమ్‌లోనే అవగొట్టు, ఇంటర్న్‌షిప్‌కి పనికొస్తాయి' అని ఇంకొకరు. నాన్న పొలం తాకట్టు పెట్టి లోన్ తెచ్చారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా ప్లాన్ చేసుకోవాలి?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు గంటల లెక్క చూద్దాం బాబూ. కోర్సుల సంగతి ఆ తర్వాత. ఇక్కడ అమెరికాలో ఒక యూనివర్సిటీలో విద్యార్థులకు కోర్సులు ఎంచుకోవడంలో సలహాలిచ్చే ఉద్యోగం నాది. ప్రతి ఆగస్టులోనూ మన పిల్లలు నా ముందు కూర్చుని 'తొమ్మిది క్రెడిట్లే కదా మేడమ్, వారానికి తొమ్మిది గంటలు' అంటారు. క్రెడిట్ అంటే అది కాదు. ఇక్కడి ఫెడరల్ నిబంధన ప్రకారం ఒక్కో క్రెడిట్‌కి వారానికి ఒక గంట క్లాసు, క్లాసు బయట కనీసం రెండు గంటల చదువు. అంటే మూడు క్రెడిట్ల కోర్సుకి 9 గంటలు, మూడు కోర్సులకి 27 గంటలు. ఇది కనీసం మాత్రమే. ప్రోగ్రామింగ్ ప్రాజెక్టులున్న కోర్సు అంతకంటే ఎక్కువే లాగుతుంది. దీనికి క్యాంపస్ ఉద్యోగం 20 గంటలు కలిపితే 47. వంట, బస్సు ప్రయాణం, బట్టలు ఉతుక్కోవడం ఇంకా ఇందులో వేయలేదు.

ఈ లెక్క పెట్టుకుని మంగళ, గురువారాల సలహా చూడు. ఒక్కో క్లాసు సాధారణంగా 75 నిమిషాలు. ఒకే రోజు మూడంటే దాదాపు నాలుగు గంటలు పాఠం వినాలి. మూడో క్లాసుకి వచ్చేసరికి బుర్ర పనిచేయదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. చాలామంది ప్రొఫెసర్లు అసైన్‌మెంట్ గడువు తమ క్లాసు రోజుకే పెడతారు. మూడు క్లాసులూ మంగళవారమే అయితే మూడు గడువులూ సోమవారం రాత్రికి వచ్చిపడతాయి. బీటెక్‌లో మిడ్ పరీక్షకి రెండు రోజుల ముందు చదివి గట్టెక్కినట్టు ఇక్కడ కుదరదు. మొదటి వారం ఇచ్చిన అసైన్‌మెంట్ మార్కులు కూడా చివరి గ్రేడ్‌లో కలుస్తాయి. అందుకని రెండు కోర్సులు మంగళ, గురువారాల్లో, ఒకటి సోమ, బుధవారాల్లో పెట్టుకో. శుక్రవారం ఖాళీగా ఉంటే ఆ రోజు అచ్చంగా ప్రాజెక్టులకి ఉంచుకో.

వారానికి ఒక్కసారే సాయంత్రం పూట రెండున్నర గంటలకు పైగా సాగే క్లాసులు కూడా ఉంటాయి. అలాంటిది తీసుకునే ముందు రాత్రి తొమ్మిది దాటాక మీ అపార్ట్‌మెంట్ వైపు బస్సు ఉందో లేదో చూసుకో. టెక్సస్‌లో కారు లేకుండా ఉండటం కష్టం. ఈ విషయం గ్రూపులో ఎవరూ ముందుగా చెప్పరు.

ఇక కోర్సులు. నువ్వు ఈసీఈ వాడివి కాబట్టి సీఎస్ఈ సీనియర్ల సలహా నీకు సరిగ్గా అతకదు. బీటెక్‌లో నువ్వు ప్రాబబిలిటీ, స్టొకాస్టిక్ ప్రాసెసెస్, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, మ్యాట్రిసెస్ చదివి ఉంటావు. మెషీన్ లెర్నింగ్‌కి కావలసిన గణితం అదే. సీఎస్ఈ వాళ్లు భయపడే ఆ కోర్సు నీకు కాస్త దగ్గరగా ఉంటుంది. నువ్వు ఈసీఈలో చదవనిది డిస్క్రీట్ మ్యాథమెటిక్స్. ఆల్గారిథమ్స్ కోర్సు మొత్తం దాని మీదే నిలబడుతుంది. ఇండక్షన్‌తో నిరూపణలు, రికరెన్సులు, గ్రాఫులు నీకు వచ్చనే అనుకుని ప్రొఫెసర్ మొదలుపెడతారు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో సీ భాషలో పెద్ద పెద్ద ప్రాజెక్టులు ఉంటాయి. ఈ రెండూ ఒకే సెమిస్టర్‌లో, అదీ కొత్త దేశంలో మొదటి సెమిస్టర్‌లో వద్దు.

నేనైతే ఆల్గారిథమ్స్, మెషీన్ లెర్నింగ్, మూడోది డేటాబేస్ కానీ కంప్యూటర్ నెట్‌వర్క్స్ కానీ తీసుకోమంటాను. బరువైనది ఒకటి, నీకు పునాది ఉన్నది ఒకటి, ఊపిరి పీల్చుకునేది ఒకటి. ఆపరేటింగ్ సిస్టమ్స్ స్ప్రింగ్‌లో, అంటే రెండో సెమిస్టర్‌లో చేసుకో. ఫ్లైట్ ఎక్కేలోపు డిస్క్రీట్ మ్యాథ్స్ రోజూ ఒక గంట చదువు. షాపింగ్ లిస్టు కంటే ముందు ఆ పని మొదలుపెట్టు.

ఈజీ ప్రొఫెసర్ల గురించి కూడా చెప్పాలి. మంచి గ్రేడ్ కావాలనుకోవడంలో తప్పు లేదు. గ్రేడ్ల సగటు నాలుగుకి 3.0 కంటే తగ్గితే చాలా యూనివర్సిటీలు ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద పెడతాయి. కానీ మూడూ ఈజీవే తీసుకుంటే కష్టమైన కోర్ కోర్సులన్నీ చివరి సెమిస్టర్లకి పేరుకుంటాయి. సరిగ్గా ఉద్యోగాల కోసం తిరగాల్సిన సమయం అదే. సీనియర్ మాట వినే ముందు ఆ కోర్సు పాత సిలబస్ తెరిచి చూడు. ఇక్కడ సిలబస్ అంటే యూనిట్ల పేర్లు మాత్రమే కాదు. ఏ వారం ఏ పాఠం, ఎన్ని అసైన్‌మెంట్లు, పరీక్షలు ఎప్పుడు, దేనికి ఎంత శాతం, అన్నీ అందులో రాసి ఉంటాయి. మూడు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకుని మిడ్‌టర్మ్‌లు ఒకే వారంలో పడుతున్నాయేమో చూసుకో.

మీ అడ్మిషన్ లెటర్ ఇంకోసారి చదువు. వేరే బ్రాంచి నుంచి వచ్చినవాళ్లకి లెవెలింగ్ కోర్సులు, అంటే పునాది కోసం అదనంగా చదవాల్సినవి, అడగడం టెక్సస్‌లో మామూలే. అవి సాధారణంగా డిగ్రీ క్రెడిట్లలో కలవవు, ఫీజు మాత్రం కట్టాలి. బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ లాంటిది చదివి ఉంటే ఆ సిలబస్ కాపీ కాలేజీ స్టాంపుతో తెచ్చుకుని, మినహాయింపు ఇస్తారా అని డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌ని అడుగు. నాన్నగారు తెచ్చిన డబ్బులో ఒక కోర్సు ఫీజు మిగలడం చిన్న విషయం కాదు.

కోరుకున్న సెక్షన్ నిండిపోతే వెయిట్‌లిస్టులో పేరు పెట్టి, మొదటి రోజు క్లాసుకి వెళ్లి కూర్చో. మొదటి వారంలో చాలామంది మారిపోతారు, సీట్లు కదులుతాయి. కోర్సు మార్చుకోవాలంటే యూనివర్సిటీ అందుకు ఇచ్చిన గడువులోపే మార్చుకో. గడువు దాటాక వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో (మార్కుల రికార్డులో) 'డబ్ల్యూ', అంటే కోర్సు మధ్యలో మానేశావన్న గుర్తు పడుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో డీఎస్ఓ (విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి రాకుండా ఏ కోర్సూ వదలకు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఫుల్‌టైమ్ చదవాలి. ఎంఎస్‌కి చాలా చోట్ల అది 9 క్రెడిట్లు. మూడింట్లో ఒకటి చెప్పకుండా తీసేస్తే మార్కులు కాదు, వీసా స్టేటస్సే పోతుంది. పూర్తి ఆన్‌లైన్ కోర్సులైతే ఆ లెక్కలోకి ఒక్కటే వస్తుంది. పని కూడా అంతే. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే. గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో క్యాష్ ఇస్తారని ఎవరు పిలిచినా వెళ్లకు బాబూ. ఆ డబ్బుతో లోన్ తీరదు, దొరికితే చదువే ఆగిపోతుంది. మొదటి సెమిస్టర్‌లో క్యాంపస్ పని కూడా 10, 12 గంటలకి ఒప్పుకుంటే చాలు.

ఇంటర్న్‌షిప్ గురించి అంత కంగారు వద్దు. ఇంటర్న్‌షిప్‌కి కావలసిన సీపీటీ అనే పని అనుమతి మామూలుగా ఒక అకడమిక్ ఇయర్ పూర్తయ్యాకే ఇస్తారు. అంటే నీకు వచ్చే వేసవే. కాకపోతే కంపెనీలు ఫాల్‌లోనే ఎంపిక మొదలుపెడతాయి. అందుకని శని, ఆదివారాల్లో ఒక పూట కోడింగ్ ప్రాక్టీసుకి, రెజ్యూమెకి కేటాయించుకో. ఇంకో పూట ఏమీ పెట్టుకోకు, నిద్రపో.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి న్యూజెర్సీలో ఎంఎస్ రెండో సెమిస్టర్. వారంలో మూడు సాయంత్రాలే క్లాసులని, మిగతా రోజులు రూమ్‌లోనే ఉంటున్నానని చెప్తున్నాడు. లక్షలు కట్టాం. నిజంగానే అంతేనా? కాలేజీకి ఫోన్ చేసి కనుక్కోవచ్చా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. ఒక్కో కోర్సు వారానికి ఒక సాయంత్రం ఉంటే మూడు కోర్సులకి మూడు సాయంత్రాలే. పైన రాసినట్టు అసలు పనంతా క్లాసు బయటే. అందుకే 'క్లాసుకి వెళ్లావా' అని కాకుండా 'ఈ వారం ఏం సబ్మిట్ చేయాలి, ఎంతవరకు వచ్చింది' అని అడగండి. చదువుతున్న పిల్లవాడు ఆ ప్రశ్నకి తడుముకోడు.

కాలేజీకి ఫోన్ చేస్తే మాత్రం మార్కులు చెప్పరు. 1974 నాటి చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు ఆ విద్యార్థిదే. అబ్బాయి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మామూలుగా మీకు ఇవ్వరు. సెమిస్టర్ అయ్యాక ట్రాన్‌స్క్రిప్ట్ అబ్బాయినే పంపమనండి. ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, నిమిషాల పని.