గట్టు మీద ఉండేవి, అటకెక్కేవి

వంటింటి యంత్రాల మీద ఈ నెల విశాఖ పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కొత్తగా కాపురం పెట్టాం. ఫ్లాట్ చిన్నది, వంటగట్టు ఆరడుగులే. గ్యాస్ స్టవ్వు, కుక్కరు ఉన్నాయి. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. ముందు ఏమేం కొనుక్కోమంటారు? (సీతమ్మధార)

ఆరడుగుల గట్టులో స్టవ్వు, సింకు పోగా మిగిలేది మహా అయితే రెండడుగులు. అక్కడ చోటు దొరకని వస్తువు ఎంత ఖరీదైనదైనా నెల తిరక్కుండా అటకెక్కుతుంది. అందుకని కొట్లో రెండు విషయాలు అడగండి. ప్లగ్గు దగ్గర నుంచి కదలకుండా ఉండగలదా? వాడిన తర్వాత కడగాల్సిన ముక్కలు ఎన్ని? రెండు కేరట్లు తురిమి ఐదు ముక్కలు కడిగించే ఫుడ్ ప్రాసెసర్ కన్నా చేతి తురుముపీట నయం.

మొదట 750 వాట్ల మిక్సీ, మూడు జార్లది. మీరు ఎక్కువగా వాడేది చిన్న పచ్చడి జారే కాబట్టి దాని మూత గట్టిగా పడుతుందో లేదో కొట్లోనే చూసుకోండి. పెద్ద జారు బాగుండి చిన్నది కారే సెట్లు చాలా ఉన్నాయి.

తర్వాత తాడు లాగితే తిరిగే చాపర్. దీనికి కరెంటు అక్కర్లేదు. ఉల్లిపాయని నాలుగు చెక్కలు చేసి వేసి ఎనిమిది పదిసార్లు లాగితే ఉప్మాకి, పెసరట్టుకి సరిపడే ముక్కలవుతాయి. ఇరవైసార్లు లాగితే నీరూరి ముద్దవుతుంది. మూతని మాత్రం నీళ్లలో ముంచకండి. తాడు, స్ప్రింగు అందులోనే ఉంటాయి. తడిస్తే తాడు లోపలికి చుట్టుకోవడం మానేస్తుంది, ఆపైన తెగుతుంది.

మూడోది ఎవరూ అడగనిది, ఒక గ్రాము తేడా చూపించే చిన్న డిజిటల్ కాటా. గ్లాసుడు కల్లుప్పు, గ్లాసుడు మెత్తటి ఉప్పు ఒకే బరువు ఉండవు. ఒక ఏడు కుదిరిన ఆవకాయ మరో ఏడు ఉప్పుకషాయం కావడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఇక రోటీ మేకర్, ఎగ్ బాయిలర్, శాండ్‌విచ్ మేకర్ ఇప్పుడొద్దు. నాలుగు గుడ్లు ఉడకడానికి గిన్నె చాలు.

ప్రశ్న: నలుగురం ఉంటాం, వారానికి రెండుసార్లు ఇడ్లీ. మిక్సీలో రుబ్బితే పప్పు వేడెక్కి ఇడ్లీ గట్టిగా వస్తోంది, ఒక్కోసారి మోటారు కాలిన వాసన కూడా. మా అత్తగారు గ్రైండర్ కొనమంటున్నారు, మావారు కరెంటు దండగ అంటున్నారు. ఎవరి మాట సరైనది? (గాజువాక)

అత్తగారి మాటే. ముందు మీవారి లెక్క తేల్చేద్దాం. రెండు లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్ మోటారు సాధారణంగా 150 వాట్లు. అరగంట తిరిగితే 0.075 యూనిట్. 750 వాట్ల మిక్సీ ఐదు నిమిషాలు తిరిగినా 0.06 యూనిట్ పైచిలుకు అవుతుంది. రెంటికీ పెద్ద తేడా లేదు.

అసలు తేడా రుబ్బే పద్ధతిలో ఉంది. మిక్సీ బ్లేడు పప్పుని నరుకుతుంది. ఆ వేగానికి రాపిడి పుట్టి రుబ్బు వేడెక్కుతుంది. గ్రైండర్‌లో రాళ్లు పప్పుని నెమ్మదిగా నలుపుతూ, ప్రతి చుట్టుకీ మడత వేసి గాలిని లోపలికి పంపుతాయి. పిండి పులవడంతో పాటు ఆ గాలి కూడా ఇడ్లీ పొంగడానికి సాయపడుతుంది. మనవైపు బియ్యం రుబ్బకుండా ఇడ్లీ రవ్వ కలుపుతాం కాబట్టి గ్రైండర్ పని మినప్పప్పు ఒక్కటే, అరగంటలో అయిపోతుంది.

గ్లాసు మినపగుళ్లకి రెండు గ్లాసుల రవ్వ. గుళ్లు నాలుగు గంటలు నానాలి. గ్రైండర్ ముందు ఖాళీగా తిప్పి, పావు గ్లాసు నీళ్లు పోసి, పప్పుని గుప్పెడు గుప్పెడుగా వేయండి. ఒకేసారి కుమ్మరిస్తే రాళ్లు పైకి లేచి ఆగిపోతాయి. ఐదారు నిమిషాలకోసారి రెండు మూడు చెంచాల నీళ్లు చిలకరించి, గోడలకి అంటింది గరిటెతో లోపలికి తోయండి. మొత్తం మీద పట్టేది గ్లాసు, గ్లాసుంపావు నీళ్లు. పాతికో ముప్పయ్యో నిమిషాలకి వేలితో చిన్న బొట్టు తీసి నీళ్లలో వేయండి. తేలితే అయినట్టు. మునిగితే ఇంకో ఐదు నిమిషాలు. నలభై నిమిషాలు దాటితే మాత్రం ఇదీ వేడెక్కుతుంది.

రవ్వని రెండు మూడు నీళ్లు కడిగి, గంట నానబెట్టి, పిడికిట్లో గట్టిగా పిండి కలపండి. ఇక్కడ నీళ్లు మిగిలితే గ్రైండర్ చేసిన పనంతా వృథా. విశాఖలో ఎండాకాలం ఆరేడు గంటలకే పులుస్తుంది. డిసెంబరు, జనవరిలో పది, పన్నెండు పడుతుంది.

అర గ్లాసు పప్పుకి మాత్రం గ్రైండర్ తీయకండి. రాళ్ల కిందకి చేరక చుట్టూ అంటుకుని తిరుగుతూ ఉంటుంది. అలాంటప్పుడు మిక్సీయే మేలు. పప్పుని ఫ్రిజ్‌లోనే నానబెట్టి, ఆ చల్లటి నీళ్లే వాడండి. జారు సగానికి మించకుండా నింపి, అర నిమిషం తిప్పి నిమిషం ఆపుతూ రుబ్బండి.

కొత్త గ్రైండర్‌లో మొదటిసారి రుబ్బింది తినకండి. రాతిపొడి వస్తుంది. రెండు గుప్పెళ్ల పాత బియ్యం నానబెట్టి పావుగంట తిప్పి పారబోయండి. నీళ్లు తెల్లగా, రాతిరంగు లేకుండా వచ్చేదాకా ఇలా రెండు మూడుసార్లు చేయాలి. మోటారు మోగుతూ డ్రమ్ము ఆగిపోతే బెల్టు వదులైనట్టు. మోటారు మార్చాలని ఎవరైనా అంటే ముందు బెల్టు చూపించమనండి.

ప్రశ్న: మిక్సీ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. ఇంకోసారి గుర్రుమంటుంది గానీ బ్లేడు తిరగదు. జారు కింద నల్లటి తడి కూడా కనిపిస్తోంది. బాగవుతుందా, కొత్తది కొనాలా? (మధురవాడ)

ఇవి మూడు వేర్వేరు జబ్బులు. చప్పుడే లేకుండా ఆగిందంటే ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోయి ఉంటుంది. మిక్సీ అడుగున చిన్న బటన్ అది. ప్లగ్గు తీసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, జారులో సగం తీసేసి బటన్ నొక్కండి. ఇలా వారానికోసారి అవుతుంటే మీరు జారు ఎక్కువ నింపుతున్నారన్నమాట.

గుర్రుమంటే జారు తీసి, అడుగున ఉన్న పళ్ల చక్రాన్ని చేత్తో తిప్పండి. కదలకపోతే బ్లేడు కింద పచ్చడి ఎండి పట్టేసింది. వేణ్ణీళ్లు పోసి రాత్రంతా ఉంచితే వదులుతుంది. తేలిగ్గానే తిరుగుతూ, మిక్సీ మీద పెట్టాక కరకరమంటే కప్లర్ (జారునీ మోటారునీ కలిపే పళ్ల చక్రం) పళ్లు అరిగాయి. మోటారు మీద ఉండే కప్లర్ చాలా మోడళ్లలో మోటారు తిరిగే దిక్కుకి తిప్పితేనే ఊడుతుంది. మామూలు మరలాగా తిప్పబోయి బిగించేస్తుంటారు. ప్లగ్గు తీశాకే చేయండి, అడుగు నుంచి ఇరుసుని కదలకుండా పట్టుకోవాలి.

నల్లటి తడి అంటే జారు బుష్ (బ్లేడు ఇరుసు తిరిగే గొట్టం) అరిగింది. దీన్ని వాయిదా వేయకండి. ఆ తడే కిందకి దిగి మోటారుని కాల్చేస్తుంది. బుష్, బ్లేడు మార్పించడం కొత్త జారు కన్నా బాగా చవక.

ప్రశ్న: మా అబ్బాయి ఎయిర్ ఫ్రయర్ పంపాడు. పునుగులు వేస్తే పిండి చిల్లుల్లోంచి కారిపోయింది. మిరపకాయ బజ్జీ అట్టలాగా వచ్చింది. ఇంక దీంతో ఏం చేసుకోవాలి? (పెదవాల్తేరు)

జారుగా ఉండే పిండితో చేసేవేవీ అందులో కుదరవు. మరిగే నూనెలో పడగానే పిండి పైపొర నాలుగు వైపులా ఒక్కసారి బిగుసుకుంటుంది. వేడిగాలికి ఆ పని చేయడానికి నిమిషాలు పడుతుంది, ఈలోగా పిండి కారిపోతుంది. పేరులో ఫ్రై ఉంది గానీ అది ఫ్యాన్ పెట్టిన చిన్న ఓవెన్.

అదే వంజరం చేప ముక్కలకి చక్కగా పనికొస్తుంది. వేలిమందం ముక్కలకి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచండి. ఊరిన నీటిని ఒంపేసి, చెంచా బియ్యప్పిండి అద్ది, ముక్కకి పావు చెంచా నూనె రాయండి. 180 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ముందు వేడిచేసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, ఎనిమిది నిమిషాలకి తిప్పి, ఇంకో నాలుగైదు నిమిషాలు ఉంచండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే వేగవు, ఉడుకుతాయి.

పల్లీలు 160 దగ్గర పది పన్నెండు నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కుదుపుతూ. మన సముద్రపు తేమకి మెత్తబడిన జంతికలు, కారప్పూస 150 దగ్గర మూడు నిమిషాలు ఉంచి చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. అప్పడాన్ని ఒంటరిగా వేయకండి, గాలికి ఎగిరి పైన కాయిల్‌కి తగిలి మాడుతుంది. మీద చిన్న స్టాండు పెట్టండి.

ప్రశ్న: తుఫాను రోజుల్లో గ్యాస్ దొరక్కపోతే పనికొస్తుందని ఇండక్షన్ స్టవ్వు కొన్నాం. సగం గిన్నెలని తీసుకోవడం లేదు, సాకెట్ నల్లబడింది. (మల్కాపురం)

తుఫానుకి ముందు పోయేది కరెంటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి ఆ లెక్కన కాదు, గ్యాస్ అయిపోయిన పూట ఆదుకునే రెండో పొయ్యిగా దాన్ని ఉంచుకోండి. గ్యాస్ బండ ఒకటి ఎప్పుడూ నిండుగా ఉండాల్సిందే.

2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. మీరు పెట్టింది మామూలు 6 ఆంపియర్ల సాకెట్ అయి ఉంటుంది, అందుకే నల్లబడింది. ఎలక్ట్రీషియన్‌తో 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగిన మందం వైరు వేయించేదాకా వాడకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలొద్దు.

గిన్నె అడుగున అయస్కాంతం గట్టిగా పట్టుకుంటేనే వేడెక్కుతుంది. అల్యూమినియం కుక్కరు, ఇత్తడి, రాగి పనికిరావు. పూర్ణా మార్కెట్‌కి గిన్నెలు కొనడానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీద బొమ్మ అయస్కాంతం ఒకటి సంచిలో వేసుకెళ్లండి. ఇనప పెనం పనిచేస్తుంది గానీ ఒకేసారి 2000 మీద పెట్టకండి. కాయిల్ మధ్యలోనే వేడిచేస్తుంది, పెనం వంగుతుంది, పోత ఇనుముదైతే పగులుతుంది. 800 దగ్గర ఐదు నిమిషాలు కాగనిచ్చి పెంచండి. వంటయ్యాక లోపలి ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్గు తీయొద్దు.

ప్రశ్న: కెటిల్‌లో పాలు కాచుకోవచ్చా? (అక్కయ్యపాలెం)

వద్దు. నీళ్లు మరిగినప్పుడు వచ్చే ఆవిరి తగిలి స్విచ్ పడిపోతుంది. పాలు అంతకన్నా ముందే పొంగి కిందున్న ప్లగ్గులోకి దిగుతాయి, అడుగు మాడుతుంది. అడుగున తెల్లటి పొర కడితే చెంచా నిమ్మఉప్పు వేసి, నీళ్లు మరిగించి, అరగంట వదిలేసి కడగండి.

ప్రశ్న: సముద్రానికి దగ్గర్లో ఉంటాం. టోస్టర్, ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) రెండేళ్లకే తుప్పు పట్టాయి. ప్లగ్గు పిన్నులు పచ్చబడుతున్నాయి. (లాసన్స్ బే కాలనీ)

ఉప్పుగాలి తేమతో కలిసి చేసే పని అది. చాలామంది చేసే పొరపాటు ప్లాస్టిక్ కవరు తొడగడం. లోపల చెమ్మ చిక్కుకుని తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. పాత నూలు చీర ముక్క కప్పండి. సముద్రం వైపు కిటికీ పక్కన ఏ యంత్రమూ పెట్టకండి. వాడినా వాడకపోయినా ఓటీజీని వారానికోసారి పది నిమిషాలు ఖాళీగా వేడిచేస్తే లోపలి చెమ్మ పోతుంది. పచ్చబడ్డ పిన్నుల్ని, ప్లగ్గు తీసి ఉండగానే, సన్నటి గరుకు కాగితంతో రుద్ది పొడిగుడ్డతో తుడవండి. అలాగే వదిలేస్తే అక్కడే వేడి పుట్టి సాకెట్ కరుగుతుంది.

ప్రశ్న: అరకు నుంచి కాఫీ గింజలు తెచ్చుకున్నాం. మిక్సీలో పొడి చేసుకోవచ్చా, గ్రైండర్ వేరే కొనాలా? (ఎంవీపీ కాలనీ)

వేయించిన గింజలైతే మిక్సీలోనే అవుతుంది. చిన్న జారులో ముందు చెంచా బియ్యం తిప్పి పారేయండి, లేకపోతే కాఫీకి కారం వాసన వస్తుంది. ఒకసారికి 30 గ్రాములు చాలు. మూడు సెకన్లు తిప్పి ఆపి, జారు కుదిపి, మళ్లీ తిప్పాలి. నాలుగైదు విడతలు పడుతుంది. ఆపకుండా తిప్పితే పొడి వేడెక్కి వాసన అక్కడే పోతుంది. సన్నటి జల్లెడ పట్టి, పైన మిగిలిన పలుకుల్ని ఇంకోసారి వేయండి. వేళ్ల మధ్య రుద్దితే సన్నటి ఇసకలా తగలాలి. గోధుమపిండిలా అయితే ఫిల్టరు చిల్లులు మూసుకుని డికాక్షన్ దిగదు, బొంబాయి రవ్వలా ఉంటే నీళ్లలా దిగిపోతుంది. రోజూ గింజలతోనే తాగేవాళ్లయితే చేత్తో తిప్పే కాఫీ మర కొనుక్కోండి, పలుకు ఒకే సైజులో వస్తుంది. నెలకి రెండుసార్లకైతే ఆ ఖర్చు అక్కర్లేదు.