చిటికె వేస్తే రాను, తమ్ముడూ!

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది చంద్రపూర్ జిల్లా రాజూరా. బొగ్గు గనిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. పార్టీ ఇమ్మని సీనియర్లు బారుకు తీసుకెళ్లారు. ‘ఏయ్’ అని ఎన్నిసార్లు పిలిచినా వెయిటర్ రాలేదు. వచ్చాక ‘విస్కీ ఇవ్వు’ అంటే అందరూ నవ్వారు. వచ్చే నెల మళ్లీ వెళ్లాలి. ఎలా అడగాలి? ఇంట్లో వాసన రాకుండా ఏం నమలాలి?

జవాబు: ముందు నీ వయసు సంగతి తేలుద్దాం తమ్ముడూ. మహారాష్ట్రలో బీరు, వైనుకి 21 నిండాలి, విస్కీ, రమ్ముకి 25. అంటే ఇంకో రెండేళ్లు నీకు బీరే. తాగడానికి పర్మిట్ కూడా ఉండాలి. బోర్డు మీద ‘పర్మిట్ రూం’ అని రాసేది ఊరికే కాదు.

బల్లార్షా బార్లలో చాలా ఏళ్లు పళ్లెం మోసినవాణ్ణి. 2015లో జిల్లాలో మందు బందైతే పక్క జిల్లాలోని వణీకి పోయి పనిచేశాను, 2021లో తెరిచాక తిరిగొచ్చాను. ఎక్కడైనా ‘ఏయ్’కి మేం తిరగం, చిటికెకి అసలే తిరగం. ‘భావూ’ అను, మరాఠీలో అన్నా అని. తెలుగువాడని తెలిస్తే ‘అన్నా’ అను. అదీ ఒక్కసారే. చేతిలో పళ్లెం ఉంటే కన్ను మాత్రం ఎత్తుతాం. చూపు కలిసిందా, నీ వంతు వచ్చినట్టే.

‘విస్కీ ఇవ్వు’ అంటే ఏం తేవాలి? ఏ బ్రాండు, ఎంత, దేంతో, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాలి. స్మాల్ 30 ఎంఎల్, లార్జ్ 60, క్వార్టర్ 180. బీరైతే 650 సీసానా, చిన్నదా, స్ట్రాంగా, మైల్డా చెబితే చాలు. చల్లగా ఉందో లేదో తాకి చూసుకో, మూత నీ ఎదుటే తీయించు. మేమేం అనుకోం.

ఒకసారి షిఫ్టు దిగి నలుగురొచ్చారు. రమ్ము తెచ్చాక ఒకాయనకు సోడా గుర్తొచ్చింది. సోడా తెస్తే ఇంకొకాయనకు పల్లీలు, పల్లీలు తెస్తే నిమ్మకాయ. ఏడుసార్లు తిరిగాను. ఎనిమిదోసారి ‘సేమ్’ అన్నారు. నలుగురికీ లార్జ్ పోశాను. అందులో ఒకాయన తాగేది స్మాల్! బిల్లు దగ్గర రచ్చ, తేడా నా జీతంలో కోత. అప్పట్నుంచి ‘సేమ్’ అంటే ఎవరికెంతో అడక్కుండా కొలత ముట్టుకోను.

కాబట్టి పార్టీ నీదైతే అందర్నీ ముందే అడిగి నువ్వొక్కడివే చెప్పు. థమ్సప్ అన్నవాణ్ణి థమ్సప్‌తో వదిలెయ్. వద్దంటున్నా గ్లాసులో ఒంపేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మంట. టిప్పు పళ్లెంలో వదిలితే గల్లాపెట్టెలోకి పోయే చోట్లున్నాయి, చేతికియ్యి.

వాసనకు మాత్రం నా దగ్గర మందు లేదు. నేను చుక్క ముట్టను. అయినా రాత్రి ఇంటికెళ్తే మా ఆవిడ నా చొక్కా కర్రతో ఎత్తి బయట దండెం మీద వేసేది.