కలల ఫెరారీకి కాలేజీ డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. నాకు 46 ఏళ్లు. 1983 నాటి ఫెరారీ 308 జీటీఎస్ క్వాట్రోవాల్వోలే ఒకటి 85,000 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. రిటైర్మెంట్ ఖాతాలు కాక మా దగ్గర 1,40,000 డాలర్లు ఉన్నాయి. అమ్మాయి మూడేళ్లలో కాలేజీకి వెళ్తుంది. పాత ఫెరారీల ధర పెరగడమే తప్ప తగ్గదంటున్నారు. మా ఆవిడ ససేమిరా అంటోంది. ఇది మంచి పెట్టుబడేనా?

జవాబు: ముందుగా మీ ఆవిడ వైపు ఒక ఓటు వేస్తున్నాను, ఏమీ అనుకోకండి. కారును తప్పుపట్టడానికి ఏమీ లేదు. పినిన్‌ఫరీనా గీసిన ఒంపులు, సీట్ల వెనక అడ్డంగా కూర్చోబెట్టిన 2.9 లీటర్ల వీ8, పైకప్పు పలక ఊడదీసి సీట్ల వెనక దాచేస్తే నెత్తిన ఆకాశం! పైగా 1980లో కార్బురేటర్ల బదులు ఇంధన ఇంజెక్షన్ పెట్టాక తగ్గిన పవర్‌ను 1982లో క్వాట్రోవాల్వోలే, అంటే సిలిండర్‌కు నాలుగు వాల్వుల ఇంజన్, చాలావరకు వెనక్కి తెచ్చింది. మీ ఎంపిక బాగుంది.

పేచీ అంతా ‘పెట్టుబడి’ అన్న మాట దగ్గరే.

ధర తగ్గదన్నవారికి 1990 గుర్తు లేనట్టుంది. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ కన్నుమూశాక ఈ కార్ల ధరలకు రెక్కలొచ్చాయి. లాభం కోసమే కొన్నవాళ్లు ఆ తర్వాత కొన్నేళ్లకే నేల చూశారు. పాత ఫెరారీ అనగానే అందరూ చూపించేది 1960ల నాటి రేసు కారు 250 జీటీఓను. కోట్లు పలికే ఆ కార్లు తయారైనవి 36 మాత్రమే. 308 జీటీఎస్‌లు అన్ని రకాలూ కలిపి ఎనిమిది వేల దాకా ఉన్నాయి. ఆ పోలిక ఇక్కడ కుదరదు.

గుర్రాన్ని కొనడం ఒక ఎత్తు, గుగ్గిళ్లు మరో ఎత్తు. ఈ ఇంజన్‌లో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపించే రెండు రబ్బరు టైమింగ్ బెల్టులుంటాయి. కారు షెడ్డులోంచి కదలకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది. అందుకే మూడు నుంచి ఐదేళ్లకోసారి మార్చాలి. సందు ఇరుకు, పని తెలిసిన మెకానిక్కులు తక్కువ, బిల్లు వేలల్లో ఉంటుంది. వాయిదా వేసి బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఇక ఇంజన్ విప్పాల్సిందే.

బీమా, సర్వీసు, నిలిపే చోటు అన్నీ కలిపి ఏడాదికి 5,000 డాలర్లు అనుకుందాం. ఈ అంకె నా అంచనా, మీ ఊరి ధరలతో సరిచూసుకోండి. 85,000ను 5 శాతం వచ్చేచోట పెడితే పదేళ్లకు సుమారు 1,38,000 అవుతుంది. ఏటా ఆ 5,000 కూడా అక్కడే వేస్తే మొత్తం రెండు లక్షలు దాటుతుంది. అంటే పదేళ్ల తర్వాత మీ కారు రెండు లక్షలు పలికితేనే లెక్క సమానం. లాభం వస్తే పన్ను కట్టాలి. సొంతానికి వాడుకున్న కారు మీద నష్టం వస్తే మాత్రం పన్నులో తగ్గించుకోనివ్వరు.

కాబట్టి దీన్ని ఖర్చుల పద్దులో రాయండి. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, కాలేజీ డబ్బు, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాక ఎంత మిగులుతుంది? మీ 1,40,000లో 85,000 పోతే మిగిలేది 55,000. అమ్మాయి నాలుగేళ్ల చదువుకు అది ఏ మూలకు? ఇప్పుడైతే వద్దనే నా సలహా.

అమ్మాయి చదువు అయ్యేదాకా ఆగలేనంటే ఫియట్ ఎక్స్1/9 అనే పాత చిన్న స్పోర్ట్స్ కారు చూడండి. ఇదీ ఇటలీదే, ఇంజన్ సీట్ల వెనకే, పైకప్పు ఊడదీసి ముందు డిక్కీలో పెట్టేయొచ్చు. ఇటలీ డిజైన్ సంస్థ బెర్టోనే గీసిన బండి. ఫెరారీ ధరలో చిన్న భాగానికే దొరుకుతుంది, కానీ తుప్పు దీని పాత జబ్బు. ఇంటర్‌నెట్ ఫొటోలు చూసి కొనకండి. కిందకి దూరి, టార్చి వేసి చూడండి. (మన ప్రీమియర్ పద్మిని కూడా ఫియట్ సంతానమే కదా.)

అమ్మాయి చదువు అయ్యాక కూడా ఫెరారీ మీద మనసు పోకపోతే, అప్పుడు కొనండి. ముందు బెల్టులు మార్చిన రసీదు అడగండి, దాని మీద తేదీ చూడండి. అమ్మేవాడి మెకానిక్‌తో కాకుండా మీరు పిలిచిన మెకానిక్‌తో కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి సరిగా నిలుస్తోందా అని చూసేది) చేయించండి. బీమా కంపెనీతో కారు విలువ ముందే ఒప్పుకుని, ఆ విలువకు బీమా తీసుకోండి. టైర్ల కింద నిమ్మకాయలు ఆ తర్వాతే.