ఘాట్ రోడ్డుకు మైలేజీ టైర్లు పనికొస్తాయా?

ప్రశ్న: మా కారు టైర్లు 185/65 ఆర్15. 45 వేల కిలోమీటర్లు తిరిగాయి, మార్చాలి. నెలకు రెండుమూడుసార్లు పిల్లలతో సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లొస్తాం. మైలేజీ ఇచ్చే టైర్లు అడిగితే షాపాయన 195/65 వేసుకోమంటున్నాడు. వెడల్పుంటే పట్టు ఎక్కువట. వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: వద్దు, ఉన్న సైజే వేయించండి. మైలేజీ అడిగినవాళ్లకు వెడల్పు టైరు చూపించడమేమిటో! 185 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతమని. అందుకే 195/65 వేస్తే టైరు మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్ల నుంచి 634కు పెరుగుతుంది. మీటరు వంద చూపేసరికి బండి 102 కిలోమీటర్లు తిరిగి ఉంటుంది. పికప్ తగ్గుతుంది, హెయిర్‌పిన్ మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు బండి లోపలి భాగాలకు ఒరుసుకోవచ్చు కూడా.

చక్రం తిరిగేటప్పుడు నేలకానిన రబ్బరు నలిగి, మళ్లీ సాగుతుంది. ఆ నలుగుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. ఈ నష్టాన్నే దొర్లుడు నిరోధం అంటారు. సిలికా అనే పొడి కలిపిన రబ్బరులో ఇది తక్కువ. దొర్లుడు నిరోధం 10 శాతం తగ్గితే పెట్రోలు 1 నుంచి 2 శాతం మిగులుతుంది. లీటరుకు 18 ఇచ్చే బండి ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే, మహా అయితే 13 లీటర్లు. ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోలు తాగేది ఎత్తే గానీ టైరు కాదు. అందుకే మీ దారికి తడి రోడ్డు మీద పట్టే ముందు చూడాలి, పొదుపు ఆ తర్వాతే. టైరుకు అంటించే స్టార్ లేబుల్‌లోని నక్షత్రాలు పెట్రోలు పొదుపును చూసి ఇచ్చేవి. వాటిని చూసి మురిసిపోకుండా, వానలో బ్రేకు ఎలా పడుతుందో ఆ టైరు వాడినవాళ్లను అడగండి.

షాపులో టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చదవండి. 3225 అంటే 2025లో 32వ వారం తయారీ. ఏడాది దాటిన సరుకైతే వేరేది తెమ్మనండి. పాత టైరు మీద 88హెచ్ అని ఉంటే కొత్తదాని అంకె 88కి తగ్గకూడదు. ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందని దాని అర్థం. వాల్వులు కూడా కొత్తవి వేయించండి.

గాలి ఎంతో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందే కొలవాలి. సాలూరులో దిగగానే కొలిస్తే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపుతుంది. అది వేడి వల్లే. తీయించేశారో, తెల్లారేసరికి నాలుగు టైర్లలోనూ గాలి తక్కువే.

ప్రశ్న: నాలుగూ కొత్త టైర్లు వేయించాక మైలేజీ 19 నుంచి 18కి పడింది. మోసపోయామా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అప్పుడే అనుకోకండి. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు, మీరు తీసేసిన దానిది 2 ఉండొచ్చు. అంటే టైరు ఎత్తులో 12 మిల్లీమీటర్ల తేడా. అంతే దూరానికి చక్రం 2 శాతం తక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరూ అంత తక్కువే చూపుతుంది. 19లో దాదాపు 0.4 కాగితం మీదే పోయింది. మిగతాది మందంగా ఉన్న కొత్త రబ్బరు వల్ల. అరిగేకొద్దీ సర్దుకుంటుంది.

అయితే అలైన్‌మెంట్ చేయించకపోతే ఇంకోటి చూడాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ముందు టైరు మీద అరచేయి అడ్డంగా రాయండి. ఒకవైపు నున్నగా జారి, తిరిగొచ్చేటప్పుడు రంపపు పళ్లలా తగిలితే టో, అంటే చక్రాలు నేరుగా ముందుకు చూసే అమరిక, తప్పింది. చక్రం దొర్లుతూనే కొంచెం పక్కకు ఈడ్చుకుపోతోందన్నమాట. టైరూ పోతుంది, పెట్రోలూ పోతుంది.

ప్రశ్న: రెండే కొత్త టైర్లు కొనగలం. ముందు వేయాలా, వెనక వేయాలా? నైట్రోజన్ కొట్టించాలా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఇంజను ముందు చక్రాలనే తిప్పినా సరే, కొత్తవి వెనకే. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి నిలదొక్కుకోవచ్చు, వెనకవి జారితే బండి గిర్రున తిరిగిపోతుంది. ముందుకు వచ్చే పాతవాటి గాడి లోతు మాత్రం 1.6 మిల్లీమీటర్లకు దగ్గరపడి ఉండకూడదు. గాడి అడుగున ఉండే చిన్న దిమ్మె, చుట్టూ ఉన్న రబ్బరుతో సమానమైతే అవీ మార్చాల్సిందే. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఆ డబ్బుతో గాలి కొలిచే గేజీ ఒకటి కొనుక్కోండి.