వర్డ్‌ప్రెస్ డైరీలో నిన్నటి తేదీ పడుతోందా?

పొద్దున్నే నాలుగున్నరకి లేచి వర్డ్‌ప్రెస్‌లో (బ్లాగులు, వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) డైరీ రాస్తే నిన్నటి తేదీ పడుతోందన్నారు కదండీ. తప్పు మీది కాదు. టైమ్‌జోన్ మార్చకపోతే అది యూటీసీ (ప్రపంచమంతా పాటించే ప్రామాణిక సమయం) లెక్కన నడుస్తుంది. మన టైమ్ దానికంటే అయిదున్నర గంటలు ముందు. అంటే ఉదయం 5:30 లోపు రాసిందంతా దాని దృష్టిలో నిన్నటిదే. సెట్టింగ్స్‌లో జనరల్‌కి వెళ్లి టైమ్‌జోన్ కోల్‌కతా అని పెట్టండి. పాత పోస్టుల తేదీలు మాత్రం ఒక్కొక్కటీ తెరిచి దిద్దుకోవాల్సిందే, విసుగే మరి.

ఇంట్లోవాళ్ల కంట పడకూడదన్నారు. సెర్చ్ ఇంజిన్లు రావద్దని పెట్టే టిక్కు దానికి చాలదు. అది గూగుల్‌కి పెట్టుకునే విన్నపం, అంతే. ప్రతి పోస్టుకీ స్టేటస్ (పాత వెర్షన్లలో విజిబిలిటీ) దగ్గర ప్రైవేట్ ఎంచుకోండి. నేనొకసారి మర్చిపోయాను. మా అత్తగారి మీద వెళ్లగక్కిన నాలుగు ముక్కలు రెండ్రోజులు బయటే ఉన్నాయి! ఎవరూ చూడలేదు కాబట్టి బతికిపోయా. అప్పట్నుంచి ప్రైవేట్ నొక్కాకే మొదటి అక్షరం టైప్ చేస్తున్నా.

ఇంకో మెలిక ఉంది. పోస్టు ప్రైవేట్ అయినా, అందులోని ఫొటో లింకు తెలిసినవాళ్లకి ఫొటో మామూలుగానే తెరుచుకుంటుంది. ఆ టెన్షన్ వద్దంటే జాంప్ (XAMPP, మన కంప్యూటర్‌నే సర్వర్‌లా పనిచేయించే సాఫ్ట్‌వేర్) లాంటిది వేసుకుని మీ కంప్యూటర్‌లోనే వర్డ్‌ప్రెస్ నడుపుకోండి.

నెలకోసారి టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ కొట్టండి. ఆ ఫైల్లో రాతలే వస్తాయి, ఫొటోలు రావు. ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్‌ని (wp-content లోపల ఉంటుంది) విడిగా కాపీ చేసుకోండి.