చెరువు అంచున మేపవద్దు

చిరంజీవి మేనల్లుడికి మేనత్త ఆశీస్సులు.

హైదరాబాదులో ఉద్యోగం మానేసి గొర్రెలు పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో మళ్లీ మంద అరుపు వినబడుతుందని ఎంత సంతోషమో చెప్పలేను. అంతలోనే, చెరువు పక్కన రెండెకరాలు కౌలుకు తీసుకున్నావన్న మాట విని గుండె గుభేలుమంది. ‘మేతకు కరువుండదు’ అన్నావట. ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం.

20 గొర్రెలు, ఒక పొట్టేలుతో మొదలుపెట్టడం మంచిదే. పళ్లు చూసి కొను. పాకలో నేల పొడిగా ఉంచు. వానలకు ముందే చిటుకు రోగం టీకా వేయించు. ఇవి పశువుల డాక్టరు ఎలాగూ చెబుతాడు. చెరువు సంగతి మాత్రం నేనే చెప్పాలి. ఆ అంచున మేస్తే గొర్రెల కార్జంలోకి జలగలు చేరతాయి. ఇవి ఒంటికి పట్టి నెత్తురు పీల్చే చెరువు జలగలు కావు, కార్జంలో బతికే చదును పురుగులు.

మీ మామయ్య కాలు విరిగి మంచం పట్టిన ఏడాది మంద నా చేతికొచ్చింది. మొత్తం 46 జీవాలు. ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. దీపావళి నుంచి చెరువు నీరు వెనక్కి తగ్గుతుంటే, శిఖంలో, అంటే నీరు తగ్గి తేలిన నేలలో, పచ్చిక తివాచీ పరిచినట్టు లేచింది. గుట్ట దాకా తోలే ఓపిక నాకు లేదు. ‘అటు తోలకే’ అని ఆయన మంచంలోంచి రోజూ అనేవాడు. నేను వినలేదు. సంక్రాంతి దాకా అక్కడే మేపాను. జీవాలు నిగనిగలాడుతుంటే నాదే గెలుపనుకున్నాను.

శివరాత్రి దాటాక ఒక చూడిగొర్రెకు సాయంత్రం దవడ కింద తిత్తిలా నీరు దిగింది. తెల్లారేసరికి తగ్గింది. మళ్లీ సాయంత్రానికి వచ్చింది. ముల్లు గుచ్చుకుందేమో అనుకుని కొడవలి కాల్చి వాత పెట్టాను, అల్లుడూ. అది అరవలేదు, అరిచే శక్తి కూడా లేదు. నా చేతిలో తల వాల్చింది. ఇప్పటికీ కొలిమి వాసన వస్తే నాకు ఆ గొర్రె కళ్లే గుర్తొస్తాయి.

తర్వాత నట్టల మందు తాగించాను. పొట్టలో నట్టలు పోయి ఉంటాయి గానీ కార్జంలోని జలగలను ఆ మందు కదపలేదు. ఉగాదికి 17 పోయాయి. డాక్టరు వచ్చి ఒకదాన్ని కోసి, కార్జం నొక్కి చూపించాడు. గట్టిపడిన గొట్టాల్లోంచి చింతాకు రెమ్మంత పొడవున, చదునుగా, గోధుమరంగు జలగలు జారి పడ్డాయి. నేను మేపిన పచ్చికే అది.

డాక్టరు చెప్పింది నీకూ చెబుతాను. జలగ గుడ్లు పెంటికలతో నీళ్లలో పడతాయి. వాటిలోంచి వచ్చిన పిల్ల చిన్న నత్తలోకి దూరి, ఒకటి వందలై బయటికొచ్చి, నీటి అంచున గడ్డికి అంటుకుంటుంది. గొర్రె ఆ గడ్డి తింటే పేగును తొలుచుకుని కార్జానికి చేరి, వారాల తరబడి దాన్ని కొరుకుతూ తిరుగుతుంది. అది ఎదిగి గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అందుకే పెంటికల పరీక్షలో గుడ్లు కనబడలేదని ధీమా పడకు. అప్పటికే లోపల పిల్ల జలగలు ఉండవచ్చు.

ఎదిగిన జలగలకు ఆక్సిక్లోజనైడ్ పనిచేస్తుంది. పిల్ల జలగలను కూడా చంపేది ట్రైక్లాబెండజోల్. ఏది, ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరునే అడుగు. చూడిగొర్రెలు ఏవో ముందే చెప్పు. గొర్రెను తూకం వేసే పోయించు, కంటి అంచనా వద్దు. పోసేటప్పుడు తల పైకెత్తి విరవకు, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వారానికోసారి కంటి రెప్ప తిప్పి చూడు. లోపల ఎర్రగా ఉండాలి. సున్నంలా తెల్లబడితే ఒక్క రోజు కూడా ఆగకు. నీళ్లు తొట్టిలో పెట్టు, గుంటకు తోలకు. చెరువు వైపు కంచె వెయ్యి, ఖర్చు నేనిస్తాను. నాలుగు బాతులు పెంచుకో, అవి నత్తలను తింటాయి. నువ్వు మొండివాడివి, మా అన్నయ్య పోలికే. కోపంగా రాశాననుకోకు, చదువుకున్న బిడ్డ చేతిలో జీవం పోతే నేను తట్టుకోలేను.

మీ మామయ్య గొంగడి పెట్టెలోంచి తీసి ఎండలో వేశాను. తెల్లవారుజామున మంచు పడుతుంది, నీకు కావాలి. సంక్రాంతికి తెస్తాను. వచ్చీ రాగానే ముందు నీ గొర్రెల కళ్లు చూస్తాను, ఆ తర్వాతే కాళ్లు కడుక్కుంటాను.

మీ అత్త