బండి మన్నిక: పాఠకుల ప్రశ్నలు – టైరు నలుపు వేరు, తళుకు వేరు

*కారు కొని మూడేళ్లయింది. ప్రతి ఆదివారం షాంపూ నీళ్లతో కడుగుతాం. తడిగా ఉన్నంతసేపు టైర్లు నల్లగానే ఉంటాయి, ఆరగానే బెల్లం రంగుకు తిరుగుతాయి. పాలిష్ రాస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ మామూలే. ఇది మట్టా, లేక టైర్లే పాడయ్యాయా?*
— ఉపాధ్యాయిని, కర్నూలు

టైర్లు పాడవలేదు. ఆ రంగులో మట్టి పాలు కూడా తక్కువే. గాలిలోని ఓజోన్ అనే వాయువు రబ్బరును పగుల్చుతుంది. దాన్ని అడ్డుకోవడానికి తయారీలోనే రబ్బరులో మైనం, కొన్ని రక్షక రసాయనాలు కలుపుతారు. చక్రం తిరిగేటప్పుడు టైరు నొక్కుకుని, సాగి, మళ్లీ యథాస్థితికి వస్తుంటుంది. ఆ కదలికకు లోపలి రసాయనం కొద్దికొద్దిగా పైకి ఊరుతుంది. పైకి వచ్చాక గాలి సోకి గోధుమ రంగుకు మారుతుంది. అంటే మీరు చూస్తున్నది టైరు తన పని తాను చేసుకుంటున్న గుర్తు. దాని మీద పాత పాలిష్ జిడ్డు, ఆ జిడ్డుకు పట్టిన దుమ్ము చేరితే చిక్కటి బెల్లం రంగు వస్తుంది.

కారు షాంపూ పెయింటు కోసం చేసిన మెత్తటి సబ్బు. ఈ పొరను అది కదిలించలేదు. కావలసింది ఆల్ పర్పస్ క్లీనర్ లేదా టైరు క్లీనర్. 100 మిల్లీలీటర్ల క్లీనర్‌కు 400 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే నాలుగు టైర్లకు సరిపోతుంది. సీసా మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి. ఇంకా గట్టి ప్లాస్టిక్ కుచ్చుల బ్రష్, విడిగా ఒక బకెట్టు కావాలి. ఇనుప తీగల బ్రష్ వద్దు, రబ్బరు మీద గీతలు పడతాయి.

కారు బాడీ కన్నా ముందు టైర్లు కడగండి. లేకపోతే ఆ మురికి చిందులు కడిగిన తలుపుల మీదే పడతాయి. ముందు నీళ్లు కొట్టి వదులు మట్టి పోగొట్టండి. ఒక్కో టైరు పక్కభాగమంతా క్లీనర్ చల్లి, ఒక నిమిషం ఆగి, గుండ్రంగా గట్టిగా రుద్దండి. మొదటిసారి వచ్చే నురగ కాఫీ డికాక్షన్ లాగా ఉంటుంది. కడిగేసి మళ్లీ చల్లి రుద్దండి. నురగ తెల్లగా వచ్చేదాకా ఆపకూడదు. ఏళ్ల తరబడి పాలిష్ పూసిన టైరుకు మూడు నాలుగు విడతలు పడుతుంది. చాలామంది మొదటి విడతతోనే ఆపేస్తారు. రెండు రోజుల్లో గోధుమ రంగు తిరిగి రావడానికి అసలు కారణం అదే.

ఎండాకాలం ఈ పని పొద్దున ఎనిమిదిలోపు ముగించండి. వేడి టైరు మీద క్లీనర్ రుద్దేలోపే ఎండిపోయి మరకలు కడుతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి వాటంతట అవే ఆరనివ్వకుండా పాత గుడ్డతో తుడవండి, లేకపోతే తెల్ల చుక్కలు మిగులుతాయి.

పాలిష్ సంగతి. తెల్లగా పాలలా ఉండేది నీళ్ల ఆధారంగా చేసినది. పారదర్శకంగా, జిడ్డుగా, కిరోసిన్ వాసనతో ఉండేది సాల్వెంటుతో, అంటే కరిగించే రసాయన ద్రవంతో చేసినది. ఈ రెండోది అద్దంలా మెరుస్తుంది. కానీ తడి మెరుపు ఉన్నచోట దుమ్ము అంటుకోకుండా ఉండదు. మన రోడ్ల మీద అరగంట తిరిగితే ఆ నల్ల టైరు ఎర్రమట్టి టైరవుతుంది. మొదటి రకమే కొనండి. టైరు పూర్తిగా ఆరాక, కడిగిన అరగంటకు, స్పాంజి ముక్క మీద చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు వేసుకుని పలుచగా రాయండి. పది నిమిషాలు ఆగి పొడిగుడ్డతో మిగులు తుడిచేయండి. ఈ తుడవడం మానేస్తే చక్రం తిరగగానే పాలిష్ చిమ్మి, మడ్‌గార్డు వెనక తలుపుల మీద నల్ల చుక్కలు పడతాయి. సరిగ్గా రాసిన టైరు మెరవదు, కొత్త టైరులా మసక నలుపులో ఉంటుంది. చూడ్డానికి అదే అందమని మా అభిప్రాయం.

వారం వారం క్లీనర్ అక్కర్లేదు. నెలకో, రెండు నెలలకో ఒకసారి చాలు. మిగతా వారాల్లో నీళ్లు, బ్రష్ సరిపోతాయి.

*లారీ సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర, అప్పుడప్పుడు తాడిపత్రి బండల లోడుకు తిరుగుతుంది. టైర్ల మీద, రిమ్ముల మీద బూడిద రంగు పెచ్చు కట్టింది. ఎంత నీళ్లు కొట్టినా కదలదు.*
— లారీ యజమాని, ఎర్రగుంట్ల

మీరు నీళ్లతో మొదలుపెట్టడమే పొరపాటు. సిమెంటు దుమ్ము తడిస్తే గట్టిపడుతుంది. ముందు పొడిగానే గట్టి బ్రష్‌తో దులపండి, కంప్రెసర్ ఉంటే గాలి కొట్టండి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవద్దు. ఆ తర్వాతే నీళ్లు, అదీ ధారగా, మొత్తం కొట్టుకుపోయేంత.

బండల పాలిష్ దగ్గర రోడ్డు మీద పారే తెల్ల బురద వేరే సరుకు. అది సున్నపురాతి పొడి. ఆరితే సున్నం కొట్టినట్టు ఉంటుంది. పుల్లటి వస్తువుకు కరుగుతుంది కాబట్టి కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌కు సమానంగా నీళ్లు కలిపి, గుడ్డతో అద్ది, రెండు మూడు నిమిషాలాగి బ్రష్‌తో రుద్ది బాగా కడగండి. పట్టేసిన సిమెంటు పెచ్చు కూడా దీనికి మెత్తబడుతుంది, కాకపోతే రెండు మూడుసార్లు చేయాలి. ఇది ఇనుప రిమ్ములకు, టైర్లకే. అల్లాయ్ చక్రాలకు వద్దు, మెరుపు పోతుంది. టాయిలెట్ యాసిడ్ దేనికీ వద్దు. రిమ్ము, నట్లు తుప్పు పడతాయి.

వాటర్ సర్వీసింగులో గన్ను టైరుకు అడుగు దూరంలో ఉంచమని చెప్పండి. మరీ దగ్గరగా ఒకేచోట కొడితే రబ్బరు దెబ్బతింటుంది. కడిగేటప్పుడే వెనక జోడు టైర్ల మధ్య కడ్డీ పెట్టి చూడండి. అక్కడ ఇరుక్కున్న రాయి రెండు టైర్ల పక్కల్నీ కోస్తుంది. వాల్వు క్యాపులు లేకపోతే ఈ దుమ్మే పిన్నులోకి పోయి గాలి దిగుతుంది. రెండు రూపాయల క్యాపును చిన్నచూపు చూడకండి.

*సర్వీసింగ్ అబ్బాయి బైకు టైర్లకు మొత్తం పాలిష్ కొట్టాడు. బయటికి వచ్చి మలుపు తిప్పగానే వెనక చక్రం జారింది. పడలేదు గానీ భయం పట్టుకుంది. ఇప్పుడేం చేయాలి?*
— డిగ్రీ విద్యార్థి, అనంతపురం

బైకు టైరుకు పాలిష్ పూయించొద్దు, అంతే. కారు టైరు పక్కభాగం రోడ్డును తాకదు. బైకు వంగినప్పుడు టైరు అంచుదాకా రోడ్డు మీదే ఉంటుంది. అక్కడ పూసిన పాలిష్‌లోని సిలికాన్ నూనె గ్రీజుతో సమానం.

బండి నడపకుండా ఇంటి దగ్గరే శుభ్రం చేయండి. మెయిన్ స్టాండ్ వేసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపి, ట్రెడ్డు (టైరు రోడ్డును తాకే భాగం) గాడుల్లోకి దిగేలా బ్రష్‌తో రుద్దండి. కడిగి మళ్లీ రుద్దండి. వేలితో తాకితే జారుడు తెలియకూడదు. ఇంజిన్ నడుస్తుండగా చక్రానికి గుడ్డ పెట్టి తుడవడం మాత్రం చేయకండి, గుడ్డతో పాటు వేళ్లూ చైన్లోకి పోతాయి. బ్రేకు డిస్కు మీద పాలిష్ తుంపర పడిందేమో చూడండి. పడి ఉంటే బ్రేక్ క్లీనర్ స్ప్రేతో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ శుభ్రమైన గుడ్డ పెట్టి తుడవండి. బ్రేకు ప్యాడ్లు నూనె పీల్చి ఉంటే కడిగినా లాభం లేదు, మార్చాల్సిందే. తర్వాత కొన్ని కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద నిదానంగా, మెల్లగా బ్రేకు వేస్తూ వెళ్లి చూసుకోండి.

*పాలిష్‌కు డబ్బు దండగ, పాత ఇంజిన్ ఆయిల్‌లో కొంచెం డీజిలు కలిపి పూస్తే చాలని మా దగ్గరి మెకానిక్కు అంటున్నాడు. నిజమేనా?*
— రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

నల్లబడటం నిజం. ఎందుకు నల్లబడుతుందో చూడండి. టైరు రబ్బరు పెట్రోలియం నూనెలను పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. పైన చెప్పిన మైనం పొర కూడా ఆ నూనెలో కరిగి పోతుంది. పైపెచ్చు వాడేసిన ఆయిల్‌లో లోహపు పొడి, చర్మానికి హాని చేసే పదార్థాలు ఉంటాయి. కిరోసిన్‌దీ ఇదే కథ. కొబ్బరినూనె అంత చేటు కాదు గానీ దుమ్ము ముద్దలా పడుతుంది.

చవకగా కావాలంటే మందుల షాపులో దొరికే గ్లిజరిన్ ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలిపి పలుచగా రాసి తుడవండి. రబ్బరుకు హాని లేదు. వానకు కొట్టుకుపోతుంది, దుమ్మూ కొంత పడుతుంది. పెళ్లికో, దసరా ఆయుధపూజకో ఒక్కరోజు ముస్తాబుకు చాలు.

*మావారు కువైట్‌లో ఉంటారు. కారు ఏడాదికి రెండు నెలలే బయటికి తీస్తాం. 20,000 కిలోమీటర్లు కూడా తిరగలేదు, ట్రెడ్డు కొత్తదిలా ఉంది. కానీ పక్కల సన్నటి పగుళ్లు వచ్చాయి. పాలిష్ రాస్తే కనబడటం లేదు. సరిపోతుందా?*
— గృహిణి, కడప

కనబడకపోవడమే ఇక్కడ ప్రమాదం, అమ్మా. పాలిష్ పగులును పూడ్చదు, దాన్ని నల్లగా చేసి దాచుతుంది. పాత కార్లు అమ్మేవాళ్లు టైర్లకు అంత మెరుపు పెట్టడానికి ఇదీ ఒక కారణం.

కారు తిరగకపోతే లోపలి రక్షక రసాయనం పైకి ఊరదు. పై పొర ఎండకు, గాలికి అరిగిపోతే బాగుచేసే దారి లేదు. అందుకే ట్రెడ్డు అరగకుండానే రబ్బరు ముసలిదవుతుంది.

పాలిష్ మొత్తం కడిగేసి, వెలుతురులో చూడండి. టైరు మీద డీఓటీ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. బయటి వైపు కనబడకపోతే లోపలి వైపు ఉంటుంది. అయిదేళ్లు దాటితే ఏటా టైరు షాపులో చూపించాలి. ట్రెడ్డు ఎంత ఉన్నా పదేళ్లు దాటిన టైరు తీసేయాల్సిందే. మన ఎండలకు అన్నాళ్లు ఆగకపోవడం మంచిది. వెంట్రుకవాసి గీతలు పైపైనే ఉంటే కనిపెట్టుకుని ఉండొచ్చు. గోరు దిగేంత పగులున్నా, లోపలి దారాలు కనబడుతున్నా, ఎక్కడైనా బుడిపె లేచినా ఆ టైరుతో హైవే ఎక్కకండి.

ఇకముందు పదిహేను రోజులకోసారి గాలి చూసి, కారును వీధి చివరిదాకా నడిపించి తీసుకురండి. అలా చేస్తే ఒకేచోట బరువు పడి టైరు చదును కాకుండా ఉంటుంది. ఎండ తగిలే వైపు టైర్లకు గోనెపట్టాలు కప్పండి. పక్కన వెల్డింగ్ షాపు ఉంటే కారు అక్కడ నిలపకండి, ఆర్క్ వెల్డింగ్ వల్ల కూడా ఓజోన్ పుడుతుంది.

*టైరు మీద తెల్ల అక్షరాలు పసుపెక్కాయి. పెయింటు వేయమంటారా?*
— కదిరి

వద్దు, నెలలో పెచ్చులూడుతుంది. అక్షరాలు రబ్బరులోనే తెల్లగా వచ్చినవైతే క్లీనర్ చల్లి పాత టూత్‌బ్రష్‌తో అక్షరం మీదే రుద్దండి. పాలిష్ రాసేటప్పుడు వాటిని వదిలేయండి, వాటికి పసుపు పట్టడానికి అదీ ఒక కారణం.